పసుపు రాసిన పిస్తోలు

రెండువేల ఒకటో సంవత్సరం, విజయదశమి వెళ్లిన మర్నాడు, శనివారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు నా చేతిలో ఉన్న పిస్తోలు నా భార్య వైపు పేలింది. టైము ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, పేలగానే నేను చేసిన మొదటి పని చేతి గడియారం చూసుకోవడం. మనిషి ఉందా పోయిందా అని చూడాల్సిన వేళ గడియారం ముల్లు చూశాను. ఎందుకు చూశానో ఈనాటికీ తెలీదు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, మా వీధిలో పెట్టిన వయోజన బడిలో. చుట్టూ తిప్పి చెప్పడం అక్కడ నేర్పలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్లే దారిలో, రోడ్డు వదిలి లోపలికి పోతే, కొండ వాలుకి ఆనుకుని మాకు జీడితోట ఉంది. జీడిచెట్టు కొమ్మలు నేలని ముట్టుకుని ఉంటాయి. బయట నిలబడితే లోపల ఏముందో కనబడదు. జీడిపిక్కలు ఏరాలంటే నడుం వంచి, తల ముందు పెట్టి, ఆ కొమ్మల కిందకి దూరాలి. మా తోటలో ఆ పని నా భార్యది. నాకు మోకాళ్లు వంగవు. ఆమె ముందు దూరేది, నేను వెనక గోనెసంచి పట్టుకుని నిలబడేవాణ్ణి. అలా ఇరవై ఏళ్లు చేశాం. భయం అనే మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

అంతకు ముందు సంవత్సరం వేసవిలో పక్క తోట ఆయన మీద ఎలుగుబంటి పడింది. ఆయనది నర్సీపట్నంలో చర్చి వెనక వీధి. నాకంటే పదేళ్లు చిన్న. పొద్దున్నే పిక్కల కోసం కొమ్మల కిందకి దూరాడు. ఎలుగు అప్పటికే లోపల కూర్చుని జీడిపళ్లు తింటోంది. చెవి దగ్గర నుంచి పెదవి దాకా చెంప చీల్చేసింది. విశాఖ పెద్దాసుపత్రిలో కుట్లు వేసి పంపించారు. నెల తర్వాత చూడ్డానికి వెళ్లాను. నోరు ఒక పక్కకే తెరుచుకుంటోంది.

"అన్నయ్యా, నొప్పి పోయింది గానీ దాని నోటి కంపు ముక్కులోంచి పోనేదు," అన్నాడు. "అన్నం ముద్ద నోటికాడ ఎట్టుకుంటే అదే కంపు."

ఆ మాట విన్న దగ్గర నుంచి నా పని అయిపోయింది. ఆమె కొమ్మల కిందకి దూరిన ప్రతిసారీ చెవులు అటే పెట్టేవాణ్ణి. లోపల ఆకు కదిలితే పేరు పెట్టి పిలిచేవాణ్ణి. పలకడం ఒక్క క్షణం ఆలస్యమైతే అరిచేవాణ్ణి.

"ఏటయ్యా ఆ అరుపులు! ఎలుగు నేకపోయినా నీ కేకకే సచ్చిపోతాను నాను," అని లోపల నుంచి తిట్టేది.

"రేపట్నించి నువ్వు దూరకు."

"మరెవులు దూరతారు? నువ్వా? దూరితే నిన్ను బయటికి లాగడానికి ఇంకో ఇద్దరు కావాల."

అదీ సంగతి. ఆమె దూరక తప్పదు. నేను బయట నిలబడక తప్పదు. నా చేతిలో గోనెసంచి తప్ప ఏమీ లేదు. ఆమె ముఖం కూడా పక్క తోట ఆయన ముఖంలా అవుతుందేమో, లేదా అసలు బయటికే రాదేమో అన్నది నా భయం. పిస్తోలు కొన్నది దాని కోసమే.

ముందు పొడుగు తుపాకీకి అడిగాను, పంట కాపలా అని. స్టేషన్లో ఎస్సై గారు తల అడ్డంగా ఊపారు. రైతుల తుపాకులు అన్నీ అప్పటికే స్టేషన్ గదిలో గోడకి ఆనించి ఉన్నాయి. కొండమీద ఉద్యమం వాళ్లు దిగివచ్చి తుపాకులు పట్టుకుపోతున్నారని పోలీసులు ముందే తెప్పించి పెట్టేశారు. ఎవరింట్లో తుపాకీ ఉన్నా ఆ ఇంటివాళ్లకొక భయం, పోలీసులకొక అనుమానం. నా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, మిలట్రీ నుంచి రిటైరై వచ్చినవాడు, వేరే దారి చెప్పాడు.

"పొడుగుది అయితే ఊరంతా సూత్తారు బావా. సిన్నది అడుగు. పంచె మడతలో పడుంటది. నానొచ్చి ఆఫీసులో మాట్లాడతాను."

ఏడాది పైన తిరిగాం. స్టేషన్, రెవెన్యూ ఆఫీసు, మళ్లీ స్టేషన్. నేను ఎలాంటివాణ్ణో మా వీధిలో వచ్చి అడిగారు. చివరికి కాగితం వచ్చింది. దాని మీద నా పేరు నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. అప్పుడు సంతోషం వేసిందని అబద్ధం చెప్పను.

విశాఖపట్నంలో తుపాకుల కొట్టుకి నేనూ బావమరిదీ వెళ్లాం. కొత్తవి మా తాహతుకి అందేవి కావు. కొట్టాయన లోపల నుంచి ఒక పాతది తెచ్చి గుడ్డ మీద పెట్టాడు. ఎవరో పెద్దాయన చనిపోతే ఇంట్లో వాళ్లు అప్పగించి వెళ్లారట. పాయింట్ టూటూ. రివాల్వర్ అనాలట దాన్ని. మేం పిస్తోలు అనే అన్నాం. చెక్క పిడి ఒక పక్క పగిలితే తీగ చుట్టి ఉంది.

"దేనికండీ మీకు?" అన్నాడు కొట్టాయన.

"ఎలుగుబంటికి," అన్నాను.

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "దీంతో కొడితే ఎలుగుకి కోపం వస్తుందండీ, చావు రాదు. ముందే చెబుతున్నాను."

"సావక్కర్నేదండి. సప్పుడుకి పారిపోతే సాలు," అన్నాడు బావమరిది.

వాడు దాన్ని విప్పి చూసిన తీరు నాకు ఇంకా గుర్తుంది. గుళ్లు పెట్టే చక్రం పక్కకి తీసి, గొట్టం వెనక తెల్ల కాగితం ముక్క అడ్డం పెట్టి, ముందు నుంచి ఒక కన్ను మూసి చూశాడు. కాగితం మీద పడిన వెలుతురుకి గొట్టం లోపల గీతలు కనబడతాయట. చక్రం వేలితో ఊపి చూశాడు. ట్రిగ్గరు నొక్కితే చక్రం ఒక గడి తిరుగుతుంది, కొత్త గుండు సుత్తి కిందకి వస్తుంది, సుత్తి పడుతుంది. అంతే దాని పని. గుళ్లు పెసరకాయ ముక్కంత సన్నం. ఇత్తడి మసకబారి ఉంది. వాటి మందు అడుగున అంచులోనే ఉంటుందనీ, సుత్తి ఆ అంచుని గట్టిగా కొడితేనే పేలుతుందనీ కొట్టాయన చెప్పాడు. విన్నాను. విన్నది తలలో నిలబడిందో లేదో తర్వాత చూస్తారు.

తిరుగు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నర్సీపట్నం ఇంకా రాకముందే పోలీసులు బస్సు ఆపి సంచులు చూశారు. కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. కానిస్టేబులు చదివి ఇచ్చేశాడు. కానీ అతను దిగిపోయాక బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ లేచి వెనక సీట్లోకి పోయింది. ఇంటి దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది.

ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ రోజు నుంచి నా భార్య ఆ పెట్టె జోలికి పోలేదు. అందులో ఉన్న పట్టుచీర కూడా అడగలేదు. గది ఊడ్చేటప్పుడు చీపురు ఆ పెట్టె దగ్గర ఆగిపోయేది.

"ఎందుకే అంత బయం? అది నీ కోసం తెచ్చినదే," అన్నాను.

"నా కోసం తెచ్చినావో, నా మీదకి తెచ్చినావో," అంది.

దసరా వచ్చింది. మా ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ చేస్తాం. కత్తి, గునపం, మందుకొట్టే డబ్బా, మోపెడ్, అన్నీ కడిగి వసారాలో వరసగా పెట్టాం. నేను పిస్తోలు కూడా తెచ్చి చివర పెట్టాను. ఖాళీ చేసే పెట్టాను. ఆమె కాసేపు దాన్ని చూసి, పసుపు గిన్నె తెచ్చుకుంది. కత్తికి ఒక బొట్టు, గునపానికి ఒక బొట్టు. పిస్తోలు దగ్గరికి వచ్చేసరికి పసుపు ముద్ద తీసి పిడి నుంచి మూతి దాకా మెత్తింది. పైన కుంకం అద్దింది.

"అంత రాస్తారేటే దానికి?"

"ఉగ్రంగా ఉన్నదానికి ఎక్కువే రాయాల. సల్లబడతది."

భయపడే మనిషి ఇంకేం చేస్తుంది? నేను ఆపలేదు. సాయంత్రం తువ్వాలుతో తుడిచాను. పైకి కనబడిందల్లా తుడిచాను. సుత్తి వెనక, సందుల్లో, ఎండి గట్టిపడినది నాకు కనబడలేదు. కనబడినా అది తీయాలని నాకు తోచేది కాదు. దేవుడి పసుపు కదా.

మర్నాడు పొద్దున్న తోటలో పరీక్ష పెట్టుకున్నాం. సీజను వచ్చేలోగా చెయ్యి అలవాటు కావాలని బావమరిది పట్టుబట్టాడు. ఒకటి రెండు దెబ్బలు వినబడతాయని ముందురోజే స్టేషన్లో చెప్పి వచ్చాం. పక్క తోట ఆయన కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే.

తోట అంచున గెడ్డ, అంటే చిన్న వాగు, ఉంది. అప్పటికి నీరు పలచబడి ఒక పక్కగా పారుతోంది. అవతల నిలువెత్తు మట్టి గట్టు. దాని ముందు రాయి మీద కొబ్బరిచిప్ప పెట్టాం. బావమరిది ఇసకలో మడమతో గీత గీశాడు.

"ఈ గీత మీద నిలబడు బావా. మూతి గట్టు వైపే ఉండాల. పేలినా అటే, పేలకపోయినా అటే. నాను సెప్పేదాకా ఇటు తిరక్కు. సమజయిందా?"

"సమజయింది."

"పసుపు తుడిసినావా?"

"తుడిసినాను."

"ముందు నన్ను కొట్టనీ, సూద్దాం."

"లైసెన్సు నాది. మొదటి దెబ్బ నాది," అన్నాను. అది నా పెద్దరికం. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట దగ్గరే ఆగి నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

పక్క తోట ఆయన ఎడంవైపు నిలబడి, పనిచేసే పెదవితో నవ్వాడు. "అన్నయ్యా, పసుపూ కుంకం ఎట్టీసినారు. పేరంటానికి ఎల్లినట్టుంది గానీ ఏటకి వొచ్చినట్టు నేదు. నాను కూడా ఓ ప్రార్థన సేసీనా?"

"సెయ్యి, సెయ్యి. ఏ దేవుడు ఇన్నా మంచిదే," అన్నాడు బావమరిది.

నా భార్యని వెనక చెట్ల దగ్గరే ఉండమన్నాం. ఉంది. అయితే పరీక్ష మొదలుకాకుండా కబుర్లలో ఆలస్యమయ్యేసరికి, తాగడానికి నీళ్లు తెద్దామని బోరు దగ్గరికి వెళ్లింది. నేను చూడలేదు.

చక్రంలో ఐదు గుళ్లు పెట్టాడు బావమరిది. పిస్తోలు నా చేతికి ఇచ్చాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. కొబ్బరిచిప్ప కనబడుతోంది, దాని ముందు పిస్తోలు మూతి వణుకుతోంది. ఎలుగు ఎదురుగా ఉంటే ఈ చెయ్యి ఏం చేస్తుందో అనుకున్నాను. నొక్కాను.

టక్కుమంది. అంతే.

దీపావళికి టపాసు వెలిగిస్తాం. ఒత్తి కాలుతుంది, పేలదు. అప్పుడు ఏం చేస్తాం? చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగి "తుస్సుమంది" అంటాం. చిన్నప్పటి నుంచీ అదే చేశాను. నా ఒంటికి అదే తెలుసు. అంతసేపు బిగపట్టిన ఊపిరి వదిలేశాను. నవ్వు కూడా వచ్చింది. పేలనందుకు నాకు సంతోషమే వేసింది. పిస్తోలు చేతిలో అలాగే ఉంచుకుని ఒళ్లంతా వెనక్కి తిరిగాను.

"పేల్నేదు. సూడండి, ఇదిగో," అన్నాను. చూపించడానికి మళ్లీ నొక్కాను.

పేలింది. చప్పుడు పెద్దది కాదు. ఎండిన కొమ్మ విరిచినట్టుంది. ఎదురుగా, పది అడుగుల దూరంలో, చంకన సిలవర బిందెతో నా భార్య నిలబడి ఉంది. నీళ్లు తీసుకుని అప్పుడే వచ్చింది.

గడియారం చూశాను. ఏడూ ఇరవై.

ఆమె పడలేదు. అరవలేదు. నన్ను చూస్తూ నిలబడింది. చీర నడుం దగ్గర తడిసింది. ఆ తడి తొడ మీదుగా కిందకి దిగుతోంది, పాదం మీద పడుతోంది. ఎర్రచీర. ఆ తడి ఏమిటో తెలీలేదు. ముందుకి వెళ్లాలి, వెళ్లలేకపోయాను. నోరు తెరిచాను, పేరు రాలేదు. రోజూ తోటలో కేకలు వేసి పిలిచిన పేరు.

నా చేతిలోంచి పిస్తోలు ఎవరో లాక్కున్నారు. బావమరిది. మూతి గట్టు వైపు తిప్పి గుళ్లన్నీ ఇసకలోకి దులిపేశాడు. తర్వాత అక్క దగ్గరికి పరిగెత్తాడు. కానీ అతనికంటే ముందు పక్క తోట ఆయన వెళ్లాడు. ఆమె చంకలోని బిందె మీద చెయ్యి వేశాడు.

"ఒదినా, బిందె ఇలాగియ్యి. కదలకు. ఇలాగియ్యి."

ఆమె ఇవ్వలేదు. చెయ్యి బిగుసుకుపోయింది. ఆయన ఒక్కొక్క వేలూ విడదీసి తీశాడు. బిందెకి ముందు వైపు చిన్న కన్నం. దాంట్లోంచి నీళ్లు దారంలా కారుతున్నాయి. వెనక వైపు, ఆమె ఒంటిని ఆనుకున్న వైపు, కన్నం లేదు. లోపలి నుంచి ఒక సొట్ట మాత్రం పైకి పొడుచుకుని ఉంది.

"నీల్లే," అన్నాడు ఆయన. "అన్నయ్యా, నీల్లే! నెత్తురు కాదు!"

బిందె వంచి నీళ్లు పారబోస్తే అడుగున సీసం ముక్క దొరికింది. నలిగిన సెనగ బద్దంత ఉంది. బిందె నిండా నీళ్లు ఉండబట్టి ఆగింది. సగం నింపుకుని వచ్చి ఉంటే ఆగేది కాదని బావమరిది చెప్పాడు. ఆ మాట అప్పుడు చెప్పకుండా ఉండాల్సింది. అది విన్నాకే ఆమె కూర్చుంది. ఇసకలో చతికిలబడి, నడుం రెండు చేతులతో తడుముకుంటూ, "ఓలమ్మో, ఓలమ్మో" అని మెల్లగా అంటూనే ఉంది.

బావమరిది పిస్తోలు ఎండలోకి పెట్టి చూశాడు. సుత్తి పడే చోట వేలి గోరుతో గీకితే పసుపు పెచ్చుగా ఊడి వచ్చింది. మొదటి దెబ్బకి అది అడ్డం పడింది. సుత్తి అంచుని గట్టిగా కొట్టలేకపోయింది. ఆ దెబ్బకి పెచ్చు చితికింది. రెండో గుండుకి అడ్డు లేదు.

"ఇది తుడిసినావా బావా? ఇదేనా తుడవడం?" నా మీద వాడు గొంతెత్తడం అదే మొదలు. "ఇటు తిరక్కని ఎన్నిసార్లు సెప్పినాను? గీత గీసి మరీ సెప్పినానా నేదా?"

"సెప్పినావు."

"మరేటి సేసినావు?"

నా భార్య తల ఎత్తింది.

"ఆయన్ని అనకు. పసుపు రాసింది నాను," అంది.

"నీ పసుపు దాన్ని ఆపింది. పేల్చింది నాను," అన్నాను. వెళ్లి ఆమె పక్కన కూర్చోబోయాను. ఆమె జరిగింది. కావాలని కాదు. ఒళ్లు దానంతట అదే జరిగింది. అది నేను చూశానని ఆమె కూడా చూసింది.

నడుం తడుముకోవడం ఆపి అంది. "ఆ ఎలుగు నన్ను సంపాలంటే కొండ దిగి రావాల. వొచ్చీలోగా దాని కంపయినా తెలుస్తది. ఇది నీ సేతిలో ఉంటే నాకేటి తెలుస్తది? దీన్ని ఇంటికి తెస్తే నాను రాను. ఇక్కడ్నించి ఇటే మా అమ్మోరింటికి పోతాను."

"తేను," అన్నాను.

ఇంటికి వెళ్లకుండా తోట నుంచి నేరుగా స్టేషన్‌కి వెళ్లాం, నేనూ బావమరిదీ. పిస్తోలు, మిగిలిన గుళ్లు, లైసెన్సు అన్నీ బల్ల మీద పెట్టాను. ఎందుకు ఇచ్చేస్తున్నావో కాగితం రాసివ్వమన్నారు. రైటరు గారు తను రాస్తానన్నారు, వయసు మీదపడిందని రాద్దామన్నారు. నేనే రాస్తానని పెన్ను తీసుకున్నాను. "ఇది నా చేతిలో ఉంటే నా ఇంటి మనిషికి ప్రమాదం" అని రాసి సంతకం పెట్టాను. రైటరు గారు చదివి, నన్నూ బావమరిదినీ చూసి, కాగితం ఫైల్లో పెట్టారు.

తర్వాత సీజనుకి మళ్లీ తోటకి వెళ్లాం. ఎలుగులు పోలేదు. నేను రేకు డబ్బా, కర్ర పట్టుకుని ముందు ప్రతి చెట్టు చుట్టూ మోగించేవాణ్ణి. చెవులు చిల్లులు పడేలా మోగించి, కాసేపు ఆగి, అప్పుడు ఆమెని దూరనిచ్చేవాణ్ణి. ఆ భయం అలాగే ఉంది. దాని పక్కన ఇంకొకటి చేరింది. ఆమె లోపల నుంచి బయటికి వచ్చేటప్పుడు ముందు తల ఎత్తి నా చేతుల వైపు చూసేది. డబ్బా, కర్ర అని తెలిసినా చూసేది. ఇప్పటికీ నేను చేతిలో ఏదైనా పట్టుకుని గబుక్కున ఆమె వైపు తిరిగితే, అది చెంబు అయినా సరే, పక్కకి జరుగుతుంది. నెమ్మదిగా తిరగడం నేర్చుకున్నాను.

ఆ శనివారం గెడ్డలో ఉన్నది మేం నలుగురం. గీత మీద నేను. నాకు కుడిపక్క నా భార్య తమ్ముడు, మిలట్రీవాడు. ఎడంపక్క ఎలుగు చెంప చీల్చిన పక్క తోట ఆయన. నా వెనక, నీళ్ల బిందెతో, నా భార్య.